నాలుగేళ్ళ బిడ్డ చెప్పింది అబద్ధమేనా?



మొన్న ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి తన నాలుగేళ్ళ కొడుకును చెయ్యి పట్టుకొని నా దగ్గరకు తీసుకువచ్చింది. "ఫాదర్ గారూ, వీడు అబద్ధాలు నేర్చాడు. మీరే బుద్ధి చెప్పండి" అంది. ఆ ఉదయం పెళ్ళిలో చదివించిన గాజు గిన్నె పగిలిందట. ఎవరు పగలగొట్టారంటే "పిల్లి" అన్నాడట. వాళ్ళింట్లో పిల్లే లేదు. బాబు చెంప మీద వేళ్ళ అచ్చులు ఇంకా కనబడుతున్నాయి.

"పిల్లి ఎంత ఉంది నాన్నా?" అని అడిగాను. రెండు చేతులూ బారగా చాచి "ఇంత!" అన్నాడు. కళ్ళు మాత్రం అమ్మ చెయ్యి వైపే చూస్తున్నాయి.

ఇది మీ అందరి ఇళ్ళలోనూ జరిగేదే. కనుక కొంచెం ఆలోచిద్దాం. ఆ బిడ్డ చేసింది పాపమా?

పునీత అగస్తీను అబద్ధం గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. ఎదుటివారిని మోసగించాలనే సంకల్పమే అబద్ధానికి మూలమని ఆయన బోధ. అయితే మోసగించాలంటే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. నాకు తెలిసినది ఎదుటివారికి తెలియకపోవచ్చు, నా మనసు వేరు, వారి మనసు వేరు అన్న సంగతి. ఈ తెలివి పుట్టుకతోనే వస్తుందా?

1983లో విమ్మర్, పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు పిల్లలకు ఒక కథ చెప్పారు. ఒక అబ్బాయి చాక్లెట్‌ను ఒక అలమరాలో పెట్టి బయటకు వెళ్తాడు. అతడు లేనప్పుడు తల్లి దానిని వేరే అలమరాలోకి మారుస్తుంది. తిరిగి వచ్చిన అబ్బాయి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు సాధారణంగా చాక్లెట్ ఇప్పుడున్న చోటునే చూపిస్తారు. తమకు తెలిసింది అతడికి తెలియదని వారికి తోచదు. నాలుగేళ్ళు దాటుతుండగా ఈ గ్రహింపు మెల్లగా కుదురుకుంటుంది.

మన బాబు సరిగ్గా ఆ గడప మీద ఉన్నాడు. జరిగినదానికీ, ఊహించినదానికీ, అలా జరగకపోతే బాగుండు అనే కోరికకూ మధ్య గోడలు వాడికింకా పూర్తిగా లేవలేదు. 1983 నాటి శ్రీసభ చట్టం కూడా ఏడేళ్ళు నిండని బిడ్డను తన పనులకు బాధ్యత వహించలేని శిశువుగానే ఎంచుతుంది.

మరి పెద్దల సంగతి? స్విట్జర్లాండుకు చెందిన పియాజే 1932లో వెలువరించిన గ్రంథంలో పిల్లలను అడిగిన ప్రశ్న ఒకటుంది. ఒక బాలుడు తలుపు తీస్తూ, వెనుక ఏముందో తెలియక 15 కప్పులు పగలగొట్టాడు. మరొకడు దొంగతనంగా జామ్ తీసుకోబోయి ఒక్క కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పు? చిన్న పిల్లల్లో చాలామంది 15 కప్పులవాడిదే అన్నారు. ఉద్దేశాన్ని వదిలి నష్టాన్ని లెక్కపెట్టారు. గాజు గిన్నె ఖరీదును బట్టి దెబ్బ వేసే మనం ఏ వయసులో ఉన్నట్టు? ఉపదేశ తరగతుల్లో పసివాళ్ళను ఇలాగే గద్దించిన నేనూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

మొక్కై వంగనిది మానై వంగునా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని నారు పోసిన రైతు రోజూ గట్టు మీద నిలబడి చూస్తాడు. నారుకు చేయవలసింది వేరు, పిలకలు వేసిన పైరుకు చేయవలసింది వేరు. ఆ తేడా అతడికి చూడడం వల్లే తెలిసింది.

కనుక రోజుకు పది నిమిషాలు, బిడ్డ ఆడుకుంటుండగా ఏమీ చెప్పకుండా చూడండి. బొమ్మతో ఏం మాట్లాడుతోంది? ఎవరికి అన్నం పెడుతోంది? ఎవరిని కొడుతోంది? పక్కింటి పిల్లతో మాత్రం పోల్చకండి. ఎక్కవలసిన మెట్లు దాదాపు అవే అయినా అందరూ ఒకే వేగంతో ఎక్కరు.

తప్పును చూసీ చూడనట్టు వదిలేయమని నేననడం లేదు. "గిన్నె పగిలింది. ముక్కలు నేను ఏరతాను, నువ్వు చీపురు పట్టుకురా" అనండి. నిజం చెబితే దెబ్బ పడదని తెలిసిన బిడ్డకు నిజం చెప్పడం సులువవుతుంది.

విచారణ జరపకుండా శిక్ష వేసే న్యాయాధిపతిని మనం ఒప్పుకోము. బిడ్డ విషయంలో ఆ న్యాయపీఠం మీద కూర్చున్నది మనమే. బిడ్డను గమనించడమే అక్కడ జరగవలసిన విచారణ.