రూలు పెట్టినవాడే తొండి చేస్తే

ఏ కోరికా లేని పరబ్రహ్మానికి ఈ జగత్తును సృష్టించాల్సిన పనేమొచ్చింది? బ్రహ్మసూత్రాల్లో బాదరాయణుడు ఇచ్చిన జవాబు: అదంతా లీల, ఒక ఆట. ఆ వెంటనే మరో ఆక్షేపణ వస్తుంది. ఒకడు సుఖపడుతూ ఇంకొకడు ఏడుస్తూ ఉంటే, ఆట పెట్టినవాడు పక్షపాతి కాదా, దయలేనివాడు కాదా? శంకరులు భాష్యంలో వానను చూపించారు. వాన అన్ని గింజల మీదా ఒకేలా కురుస్తుంది. ఒకచోట వరి, ఇంకోచోట యవలు మొలవడం విత్తనాల తేడా. ఎవరి కర్మను బట్టి వారికి ఫలం.

ఈ వాదమే ఇప్పుడు తొమ్మిదేళ్ల పిల్లల మధ్య, కంప్యూటర్ ముందు నడుస్తోంది.

ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో పిల్లల ప్రోగ్రామింగ్ భాష స్క్రాచ్‌ను విడుదల చేసింది. ఇందులో పిల్లలు కోడ్ టైపు చెయ్యరు. రంగురంగుల బ్లాకుల్ని మౌస్‌తో లాగి ఒకదానికొకటి తగిలిస్తారు. పచ్చజెండా నొక్కితే ఆట మొదలు. ఒక అబ్బాయి పిల్లి బొమ్మతో ఆట తయారు చేస్తున్నాడనుకుందాం. పిల్లికి మూడు ప్రాణాలు, దెయ్యం తగిలితే ఒకటి పోవాలి. తీరా ఆడి చూస్తే, దెయ్యం ఒక్కసారి తగలగానే మూడూ పోయి లెక్క సున్నా కిందికి దిగిపోతుంది. దెయ్యం తగిలిందా లేదా అని కంప్యూటర్ సెకనులో ఎన్నోసార్లు చూస్తుంది, చూసిన ప్రతిసారీ ఒక ప్రాణం కోస్తుంది. వాడు చెప్పింది అదే. వాడు అనుకున్నది వేరు. తగిలాక పిల్లిని వెనక్కి పంపాలనో, ఒక్క క్షణం ఆగాలనో తట్టేదాకా వాడి ఆట కుదరదు. సృష్టికర్త తన మాటకు తానే కట్టుబడి ఉండటం ఎంత కష్టమో ఇక్కడ తెలుస్తుంది.

అసలు పరీక్ష చెల్లెలు ఆడటానికి కూర్చున్నప్పుడు. పిల్లి గోడ దూకలేక పదేపదే చస్తుంటే, ‘నీకు ఆడటం రాదు’ అంటాడు అన్న. ఇది కర్మవాదమే: నా రూలు అందరికీ ఒకటే, లోపం నీ ఆటలో ఉంది. ‘తొండి!’ అంటుంది చెల్లెలు. బ్లాకులు విప్పి చూస్తే పిల్లి ఎగరగలిగే ఎత్తు 80, గోడ ఎత్తు 100. ఎంత బాగా ఆడినా ఆ గోడ దాటడం కుదరదు. తప్పించుకునే దారి నిజంగా ఉన్నప్పుడే ‘నీ కర్మ’ అనే మాటకు అర్థం ఉంటుంది. మన వైకుంఠపాళిలో అదీ లేదు. పాము నోట పడటమూ, నిచ్చెన ఎక్కడమూ గవ్వల పందెం మీదే ఆధారపడతాయి. తన ఆటలో ఎంత అదృష్టానికి వదలాలి, ఎంత ఆడేవారి చేతిలో పెట్టాలి అనేది ఆ అబ్బాయి స్వయంగా తేల్చుకోవాలి.

పిల్లలూ రూల్సూ అనే ఈ సంగతిని మనస్తత్వవేత్త జీన్ పియాజే 1932లోనే పుస్తకంగా రాశారు. స్విట్జర్లాండ్ పిల్లలతో గోళీలాడుతూ, ఈ రూల్స్ ఎవరు పెట్టారు, మార్చవచ్చా అని అడిగారాయన. చిన్నపిల్లలకు అవి పెద్దలో దేవుడో ఇచ్చినవి, మార్చకూడనివి. కాస్త పెద్దయ్యాక, అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని గ్రహిస్తారు. అదే పియాజే దగ్గర జెనీవాలో పనిచేసిన సేమూర్ పాపర్ట్, 1967లో సింథియా సాలమన్, వాలీ ఫోయర్‌జైగ్‌లతో కలిసి పిల్లల కోసం లోగో భాషను తయారు చేశారు. స్క్రాచ్ ఆ వంశంలోదే.

2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ నేర్పాలంది. అప్పటినుంచీ తల్లిదండ్రుల మాటల్లో ఉద్యోగం, ప్యాకేజీ తప్ప మరొకటి వినిపించడం అరుదు. ఆ లెక్కన నేర్పితే అసలైనది జారిపోతుంది. గోళీలాటలో నలుగురుంటారు, గొడవపడతారు, రూలు సర్దుకుంటుంది. కంప్యూటర్ అన్యాయమైన రూలును కూడా కిక్కురుమనకుండా అమలు చేస్తుంది. అందుకే ఆట తయారు చేసిన ప్రతి పిల్లవాడి పక్కన, ఆడి చూసి ‘తొండి’ అనగల ఇంకొకరు ఉండాలి. క్లాసులో ఆటలు ఒకరివి ఒకరు మార్చుకుని ఆడటం కాలక్షేపం కాదు, పాఠంలో సగం.

స్క్రాచ్‌లో అందరితో పంచుకున్న ఆటను ఎవరైనా తెరిచి, బ్లాకులు మార్చి, తమదిగా మళ్లీ పెట్టవచ్చు. మొదట చేసినవారి పేరు కూడా కనిపిస్తుంది. దీన్నే రీమిక్స్ అంటారు. తమ ఆటను వేరేవాళ్లు మార్చేశారని బాధపడే పిల్లలూ ఉన్నారు. ఆ ఫిర్యాదును టీచరు ఒక్కమాటతో తీసిపారెయ్యకూడదు. గోడ ఎత్తు తగ్గించి ఆటను ఆడదగ్గదిగా చేసింది చెల్లెలైతే, ఇప్పుడు ఆ ఆట ఎవరిది? పీరియడంతా ఆ చర్చకే పోయినా, ఆ రోజు కొత్త బ్లాకు ఒక్కటీ నేర్పకపోయినా నష్టం లేదు.