ఆ ఓటులో నా వాటా

1991 నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావు 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచాడు. తెలుగోడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీ కూడా పెట్టలేదు. ఆళ్లగడ్డలో మా అబ్బా మురిసిపోతా ఓటేసొచ్చాడు.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చేశారు. ప్రధాని ఆయనే. ఆ రాత్రి అబ్బా అన్నం ముట్టలేదు. "ఈ పాపంలో నా ఓటుకూ వాటా ఉందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2003లో అమెరికా ఇరాక్ మీద పడింది. ఉన్నాయని చెప్పిన ఆయుధాలు దొరకనే లేదు. టీ కొట్టు దగ్గర నేను అమెరికా ఓటర్లను తిడుతుంటే అబ్బా ఆపాడు. "వాళ్లూ టీవీ చెప్పింది నమ్మినోళ్లే లేరా, మనమూ నమ్మలేదా?"

నమ్మడం తప్పు కాకపోవచ్చు. మోసం తెలిసినాక అడక్కపోవడం తప్పే. అడిగితే "ఏ దేశం వాడివి?" అంటారని నోరు మూసుకున్నామా, మన వాటా అక్కడ మొదలవుతుంది.