నేరేడు నీడ, ఎండలో మనిషి



ధమ్మ మిత్రులారా, ఎండాకాలం సెలవులు వచ్చాయంటే సాగర్ రోడ్డు మీద కార్ల వరుస కనిపిస్తుంది. పట్నంలో స్థిరపడ్డవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకొని ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం ఊళ్ళల్లో తాతల నాటి పొలం చూపించడానికి వస్తుంటారు. "గీ బాయిలనే నేను ఈత నేర్చుకున్న" అని ఒడ్డు మీద నిలబడి చెప్తారు. బాయి ఉంటుంది, నీళ్ళుండవు. మోట కొట్టిన జాగల తుమ్మచెట్టు మొలిచి ఉంటుంది. చెలకంతా ప్లాట్లు చేసి, కడీలు పాతి, రంగు జెండాలు కట్టి ఉంటారు. పిల్లలు ఫోన్లు చూసుకుంటుంటారు. చూపించేవాడికి గొంతు పూడుకుపోతుంది.

మీకూ అట్లాంటి పొలం ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని తలుచుకొని బాధపడటం అజ్ఞానమని ధమ్మం గదమాయించదు. అట్లా గదమాయించే పంతుళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ సంగతి మనకొద్దు.

అసలు బుద్ధుడికి దారి చూపించింది కూడా ఒక చిన్ననాటి పొలం జ్ఞాపకమే. మజ్ఝిమ నికాయంలోని మహాసచ్చక సుత్తంలో ఆయనే ఈ సంగతి చెప్తాడు. ఇల్లు విడిచినంక ఏళ్ళ తరబడి ఉపవాసాలతో ఒళ్ళు ఎండగట్టుకున్నాడు. పొట్ట తడిమితే వెన్నెముక చేతికి తగిలేంత చిక్కిపోయాడు. అయినా ఏమీ దొరకలేదు. అప్పుడు ఒక రోజు యాదికొచ్చింది. తండ్రి శుద్ధోదనుడు పనిలో ఉండగా, పిల్లవాడైన తను నేరేడు చెట్టు చల్లని నీడలో ఊరికే కూర్చొని ఉన్నాడు. మనసు దానంతట అదే నిలిచింది. ఆ సుఖంలో ఆశ లేదు, ఎవరికీ కీడు లేదు. అట్లాంటి సుఖానికి నేనెందుకు భయపడాలి, దారి ఇదేనా, అని తనను తాను అడుగుకున్నాడు. అది పొలంలో ఉత్సవం జరిగిన రోజని, దున్నడం మొదలుపెట్టే పండుగని అట్ఠకథలు చెప్తాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆయన ఆ నేరేడు చెట్టును వెతుక్కుంటూ కపిలవస్తుకు పోలేదు. అన్నం తిన్నాడు. అది చూసి, వెంట ఉన్న అయిదుగురు ఈయన చెడిపోయాడని విడిచిపోయారు. ఆయన మాత్రం ఉరువేలలోనే ఇంకో చెట్టు కింద కూర్చున్నాడు. పొలం నుంచి ఆయన తెచ్చుకున్నది చెట్టును కాదు, ఆ నిలకడను.

కానీ కథ ఇంతటితో ఆపితే సగమే చెప్పినట్టు. మిగిలిన సగం బాబాసాహెబ్ అంబేద్కర్ చెప్పాడు. ఆయన పోయినంక 1957లో అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' చదవండి. అందులోనూ సిద్ధార్థుడు స్నేహితులతో కలిసి తండ్రి పొలానికి పోతాడు. అక్కడ ఒంటి మీద సరిగ్గా బట్ట లేని కూలీలు మండే ఎండలో దున్నుతూ, గట్లు వేస్తూ కనిపిస్తారు. ఒకడు చెమటోడ్చితే ఇంకొకడు కూర్చొని తినడం న్యాయమేనా అని ఆ పిల్లవాడు అడుగుతాడు. స్నేహితుల దగ్గర జవాబు లేదు. నేరేడు నీడ ఎంత నిజమో, ఆ ఎండ కూడా అంతే నిజం. పొలం గురించి మనం చెప్పుకునే కథల్లో నీడే ఉంటుంది, ఎండ ఉండదు.

మా తాతది సర్కారు ఇచ్చిన ఎకరం చెలక. అది కడుపు నింపేది కాదు, అందుకే పక్కనున్న మామిడితోట ఆసామి దగ్గర జీతమున్నాడు. వెట్టిని నిషేధిస్తూ 1976లో చట్టం వచ్చింది గాని, మా తాత చెవిన అది చానా ఆలస్యంగా పడింది. సెలవుల్లో మాకు ఆ తోటే లోకం. బాయిలో ఈత కొట్టేది మాత్రం పగటి అన్నం తిని ఆసామి పండుకున్నంకనే. చప్పుడు చేయొద్దని మా అవ్వ గట్టు మీద కావలి ఉండేది. ఆ రోజుల్లో అదే బాయిలో పొద్దున్నే దుంకి, కేకలు పెట్టి ఈత కొట్టిన పిల్లలు కూడా ఇయ్యాల కార్లల్లో వస్తున్నారు. వాళ్ళకూ గొంతు పూడుకుపోతుంది, నాకూ పూడుకుపోతుంది. బాయి ఒక్కటే, జ్ఞాపకాలు రెండు.

ఔటర్ రింగు రోడ్డు పడి, ఆదిబట్ల వైపు కంపెనీలు వచ్చినంక గుంట జాగకు కూడా అన్నదమ్ములు మాట్లాడుకోని రోజులొచ్చాయి. భూమి అమ్మొద్దని నేను చెప్పను. బిడ్డ పెండ్లికో, ఆస్పత్రికో అమ్ముకున్నవాళ్ళకు నీతులు చెప్పడానికి నేనెవర్ని? కానీ పంచశీలలో రెండో శీలం, ఇవ్వనిదాన్ని తీసుకోకుండా ఉండటం, జేబుదొంగల కోసం మాత్రమే పెట్టింది కాదు. రాత్రిపూట జరిపిన హద్దురాయికీ అది వర్తిస్తుంది. భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం, కొనడం చెల్లదని 1977 నుంచి చట్టం ఉంది. అయినా పాత బాకీ కింద తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకొని కలుపుకున్న చెలకలు ఎన్ని లేవు! మీ తాత పొలం నాలుగు ఎకరాల నుంచి ఏడు ఎకరాలు ఎట్లా అయిందో ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి అడగండి. పాత పహాణీలు తీసి చూడండి. పట్టా ఎవరి పేరున ఉందో చూసి ఊరుకోవద్దు, అనుభవదారు కాలమ్ కూడా చదవండి.

ఇదే రోడ్డు పట్టుకొని పోతే నాగార్జునసాగర్ వస్తుంది. ఇక్ష్వాకుల నాటి విజయపురి లోయ ఆ నీళ్ళ కిందే ఉంది. డ్యాం నీళ్ళు రాకముందు, 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను రాయి రాయి మోసి, కొండ మీదా, ఒడ్డున అనుపులోనూ తిరిగి కట్టారు. అన్నీ మోయలేకపోయారు. ఏది మోసుకుపోవాలో, ఏది నీళ్ళకు విడవాలో ఎంచుకోవలసి వచ్చింది. మన పొలాల దగ్గరా అదే పని మిగిలింది. అనిచ్చ అంటే పోయినదాన్ని చూసి నిట్టూర్చడం కాదు, ఈ ఎంపికను కండ్లు తెరిచి చేయడం.

ఈసారి వచ్చినప్పుడు దిగంగనే ఫోటోలు మొదలుపెట్టకండి. ఏ చెట్టు మిగిలితే ఆ చెట్టు కింద, వేప అయినా తుమ్మ అయినా సరే, పది నిమిషాలు కూర్చోండి. ఊపిరి వచ్చేది, పోయేది చూడండి. దుఃఖం వస్తే రానివ్వండి, దాన్నీ ఊపిరిలాగే చూడండి. ఇది నేర్చుకోవాలంటే మీరొచ్చే దారిలోనే, వనస్థలిపురం దగ్గర కుసుమ్ నగర్‌లో ధమ్మఖేత్త విపశ్యన కేంద్రం ఉంది. పాళీలో ఖేత్త అంటే పొలమే.

లేచినంక కారెక్కకండి, వాడకు పోండి. మీ పొలంలో జీతమున్న మనిషి ఈపాటికి పోయి ఉండొచ్చు, ఆయన కొడుకో కోడలో ఉంటారు. పేరు అడగండి, "అన్నా", "వదినా" అని పిలవండి. వాళ్ళింట్లో చాయ్ తాగండి. ఆ పొలం గురించి వాళ్ళకేం యాదికుందో అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.