పాటు మీద కొట్టిన గండి

పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే చోట్లను ముఖద్వారాలంటారు. అలలు ఏడాది పొడుగునా ఇసుక తెచ్చి వాటికి అడ్డంగా పోస్తుంటాయి. అలా దారి పూడిపోయిన ఒక పాళెం కథ ఇది. ఊరి పేరుతో పనిలేదు.

ఆ ముఖద్వారం ఒక్కరోజులో మూసుకుపోలేదు. మొదటి ఏడు పడవ అడుగు ఇసుకకు రాసుకుంది. మరుసటి ఏడు దిగి తోసుకుపోవలసి వచ్చింది. ఇంకొన్నేళ్లకు ఆ ఇసుక మీద పిల్లలు ఆడుకోసాగారు. రొయ్య సముద్రంలో పుట్టి సరస్సులో పెరిగేది. దారి లేక పిల్ల లోపలికి రావడం మానేసింది. ఎండాకాలం నీరు కాగి చేపలు చచ్చి తేలాయి. వానాకాలం కాళంగి నీళ్లు బయటికి పోలేక ఇళ్లలోకి వచ్చాయి. పాళెం ప్రతిసారీ సర్దుకుంది. గడపలు ఎత్తు చేసుకున్నారు, చిన్న కన్ను వలలు కొన్నారు, కొందరు మగవాళ్లు మద్రాసుకు కూలికి పోయారు.

గండి కొడదామన్న మాట ఎప్పటినుంచో ఉంది. దాన్ని ఆపింది ఒక కథ. పూర్వం పక్క పాళెం వాళ్లు తొందరపడి ఎండాకాలంలో, పోటు మీద గండి కొట్టారు. సరస్సులో నీరు తక్కువ, సముద్రం ఎత్తు. అల లోపలికి దూకి నీళ్ల కంటే ఇసుకనే ఎక్కువ తెచ్చింది. ఒడ్డునున్న రెండు ఇళ్లు పోయాయి. ఆ కథ నోళ్లు మారేకొద్దీ రెండు ఇళ్లు ఇరవై అయ్యాయి. ఎండాకాలమూ పోటూ కథలోంచి జారిపోయాయి. గండి కొడితే ఊరు పోతుందన్న ముక్క మాత్రం నిలిచింది.

ఇంకో మాట కూడా ఉండేది. "గంపలతో ఎత్తిపోస్తే పోయే ఇసుకకు గండెందుకు? ఒళ్లొంగనోళ్లు చెప్పే మాట ఇది." ఆ మాటకు సిగ్గుపడి ఊరంతా ఏళ్ల తరబడి గంపలు మోసింది. పగలంతా ఎత్తిపోసిన ఇసుకను రాత్రి పోటు మళ్లీ తెచ్చి పోసేది.

సరస్సు బురదలో చేత్తో రొయ్యలు ఏరి బతికే ఒక అవ్వ ఉండేది. ముఖద్వారానికి అందరికంటే దగ్గర ఇల్లు ఆమెదే, అందరికంటే ఎక్కువ భయమూ ఆమెకే. ఊరి కూటంలో కుర్రవాళ్లు "భయమైనోళ్లు ఇళ్లలో ఉండండి, రేపే కొడతాం" అని లేచినప్పుడు ఆమె ఏమీ అనలేదు. తెల్లారి పడవెక్కి, గండ్లు కొట్టించిన పెద్దాయన దక్షిణాన ఉన్నాడని విని ఆయన దగ్గరికి పోయింది.

"గండి కొడితే నా ఇల్లు పోతుందా అన్నా?"

"పోవచ్చు. ఎప్పుడు కొడతారో ఎక్కడ కొడతారో తెలీకుండా ఇంతకంటే ఏం చెప్పను చెల్లెమ్మా?"

"అయితే ఎప్పుడు కొట్టాల?"

"వానలు పడి సరస్సు నిండినాక. అమావాస్య దాటినాక పాటు బలంగా లాగుద్ది. సముద్రం దిగేటప్పుడు చిన్న కాలవ తవ్వితే చాలు, మిగతాది నీళ్లే తవ్వుకుంటాయి. పాత దారి ఉన్నచోటే కొట్టాల, మీ ఇంటికి ఎదురుగా కాదు. పగలే కొట్టాల. పిల్లల్నీ ముసలోళ్లనీ ముందే మెరకకు పంపాల. ఇంత చేసినా నీళ్లు మన మాట వినకపోవచ్చు. అది కూడా చెప్తుండా."

అవ్వ కాసేపు కూర్చుంది. "తెరుచుకున్నాక మళ్లీ పూడిపోదా?"

పెద్దాయన చేతిలోని వల కింద పెట్టాడు. "ఈ మాట అడిగినోళ్లు తక్కువ. పూడిపోద్ది. ఇసుక తెచ్చే పని అల మానదు. ఏటేటా పోయి తీస్తుండాల. ఆ చాకిరీకి ఒప్పుకున్నోళ్లే గండి కొట్టాల."

అవ్వ తిరిగొచ్చి కూటంలో నిలబడింది. "కార్తీకం దాకా ఆగండి. ఈలోగా ఇసుక సంచులు కుట్టండి. ఏటేటా ఇసుక తీసేదానికి ఎవరెవరు వస్తారో ఇప్పుడే పేర్లు చెప్పండి. పేర్లు చాలకపోతే గండి వద్దు." చాలాసేపటికి పేర్లు వచ్చాయి. రేపే కొడతామన్న కుర్రవాళ్లలో సగం మంది వెనక్కి తగ్గారు, ఇంతకాలం వద్దన్నవాళ్లలో కొందరు ముందుకొచ్చారు.

కార్తీకంలో కొట్టారు. అంతకుముందు రాత్రి అవ్వ తన గిన్నెలనూ పెట్టెనూ గుడికి చేర్చింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. నీళ్లు ఆమె అరుగును కోసుకుపోయాయి, ఇల్లు నిలిచింది. తర్వాతి ఏడు రొయ్య వచ్చింది. ఇసుకా వచ్చింది. పేర్లు చెప్పినవాళ్లు గంపలు పట్టుకుని పోయారు.

నీతి

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని నెలల తరబడి నలిగేవాళ్ల కోసం ఈ కథ చెప్పాను. కోట నుంచో ముత్తుకూరు నుంచో ఫైలు చంకన పెట్టుకుని నెల్లూరుకో మద్రాసుకో పోయి, డాక్టరు చెప్పింది విని, తేల్చుకోలేక తిరిగి బస్సెక్కేవాళ్లు పిరికివాళ్లు కారు. బరువు తగ్గే ఆపరేషన్లలో ఒకటైన స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో సుమారు నాలుగింట మూడు వంతులో, ఇంకాస్త ఎక్కువో కోసి తీసేస్తారు. దాన్ని మళ్లీ అతికించే దారి లేదు. ఇంకో రకమైన బైపాస్‌లో పొట్టను చిన్న సంచిగా చేసి పేగును దారి మళ్లిస్తారు. ఇది విని బొత్తిగా భయపడనివాళ్లకు విషయం సరిగా చెప్పలేదేమోనని నాకు అనుమానం.

అయితే విన్న భయం వేరు, అడిగి తెలుసుకున్న భయం వేరు. మన ఇళ్లలో ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు సినిమా నటి ఆర్తి అగర్వాల్ పేరు తెస్తారు. 2015 జూన్ 6న ఆమె అమెరికాలో 31 ఏళ్లకే చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగడం. పొట్ట మీదా పేగు మీదా చేసే బేరియాట్రిక్ ఆపరేషన్‌కూ దానికీ సంబంధం లేదు. పక్క పాళెం కథలో పోటు జారిపోయినట్టు ఇక్కడ లైపోసక్షన్ జారిపోయింది. పాపం, ఆ అమ్మాయి మరణం ఎవరికీ దారి చూపకుండా బెదిరింపుగా మిగిలింది.

అడిగితే దొరికే లెక్కలు వేరే ఉన్నాయి. అమెరికాలో 4,776 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లో చనిపోయినవారు 0.3 శాతం, అంటే వెయ్యికి ముగ్గురు. ఆ ముగ్గురిలో మన మనిషి ఉంటే అది చిన్న లెక్క కాదు. అందుకే కుట్టు దగ్గర లీకవడం, రక్తస్రావం, కాలి రక్తనాళాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం గురించి ముందే అడగాలి. దాని పక్కన ఇంకో లెక్క పెట్టుకోవాలి. స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనూ, అలాంటి బరువే ఉండి మామూలు వైద్యంతో ఉన్నవాళ్లనూ సుమారు 11 ఏళ్లు గమనించింది. చేయించుకున్నవాళ్లలో మరణాలు దాదాపు నాలుగో వంతు తక్కువని 2007లో తేలింది. ముఖద్వారం మూసుకుని ఉన్నా ఊరు మూల్యం చెల్లిస్తూనే ఉంది కదా. షుగరు, బీపీ, నిద్రలో ఊపిరాగడం, అరిగిన మోకాళ్లు, ఇవన్నీ ఎత్తు చేసుకున్న గడపలే.

"నోరు కట్టుకోలేక ఆపరేషనా?" అన్న మాట నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. అన్నం మానేసి, మైపాడు ఒడ్డున నడిచి, పది కిలోలు తగ్గి పన్నెండు పెరిగినవాళ్లను ఆ మాట కోస్తుంది. బరువు తగ్గినప్పుడు ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను శరీరంలో పెరుగుతుంది, ఒళ్లు ఖర్చు చేసే శక్తి తగ్గుతుంది. రాత్రి పోటు ఇసుక తెచ్చి పోయడం అంటే ఇదే. స్లీవ్‌లో తీసేసే భాగంలోనే గ్రెలిన్ ఎక్కువగా పుడుతుంది కాబట్టి ఆకలి తగ్గుతుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇక చాకిరీ సంగతి. కొన్ని వారాలు ద్రవాలూ మెత్తటి తిండీ. ఆ తర్వాత కూడా చేపల పులుసులో ముందు చేప ముక్క, అన్నం చివర రెండు ముద్దలు. తింటూ నీళ్లు తాగకూడదు. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకుంటూ ఏటేటా రక్తపరీక్ష చేయించుకోవాలి. మొదటి నెలల్లో జుట్టు రాలవచ్చు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. బరువు కొంత తిరిగి రావడమూ ఉంది. ఇవన్నీ ఒక్క మనిషి మోసేవి కావు. వంటింట్లో ఎవరు మారతారు? పెళ్లి భోజనాల్లో "ఇంకొంచెం వేసుకో" అనకుండా పక్కన ఎవరు కూర్చుంటారు? అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే తూపిలిపాళెం నుంచి ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారు? తేదీ ఖాయం చేసుకునే ముందు ఆ పేర్లు కాగితం మీద ఉండాలి.

2022లో ఈ ఆపరేషన్లు చేసే డాక్టర్ల అమెరికా, అంతర్జాతీయ సంఘాలు బరువు, ఎత్తుల సూచీ అయిన బీఎంఐ 35, ఆపైన ఉన్నవారికి ఆపరేషన్‌ను సిఫారసు చేశాయి. ఆసియా వారికి 27.5 నుంచే ఆ అవకాశం ఇవ్వాలన్నాయి. అయిదడుగుల మూడంగుళాల మనిషికి 27.5 అంటే సుమారు 70 కిలోలు. అర్హత ఉన్నంత మాత్రాన చేయించుకుని తీరాలని కాదు. 2025 మార్చి నుంచి బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మన దేశంలోనూ దొరుకుతోంది. ఆపితే చాలామందికి బరువు తిరిగొస్తుంది, ఖర్చూ ఎక్కువే, అయినా అడగదగ్గ దారి. అన్నీ అడిగాక వద్దనిపిస్తే వద్దనవచ్చు. అప్పుడు కూడా షుగరు మందులు, నిద్ర పరీక్ష, డైటీషియన్ దగ్గరికి పోవడం ఆపకూడదు. ఫైలు పారేయనక్కర్లేదు. ఏడాది తర్వాత కొత్త రక్తపరీక్షలతో అదే డాక్టరు దగ్గరికి పోయి, మొదటిసారి అడగలేకపోయిన ప్రశ్న అడగవచ్చు.