కోత పండుగ గంప



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో స్థిరపడిన మనకు టమోటా, ఉర్లగడ్డల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 2023 జూలైలో టమోటా కిలో నూరు రూపాయలు దాటెను. సెప్టెంబరుకల్లా ధర పడిపోయెను. ఆ జూలైలో పెరట్లో నాలుగు మొక్కలున్న ఇల్లే ధన్యమైనది!

టమోటా మన్నాకు చుట్టము. పండినది ఎక్కువ దినములు నిలువదు. ఊతకర్ర కట్టి, మొదటికి మాత్రమే నీళ్లు పోసి పెంచుదుము. మిగిలినవి ఒరుగులు చేసుకొనవలెను, లేదా ఆ పూటే పొరుగింటికి పంపవలెను. ఉర్లగడ్డ అట్లుకాదు. అది ఐగుప్తులో యోసేపు కూర్చిన ధాన్యము వంటిది, దాచితే నిలుచును. కడుగకుండ, దెబ్బతిన్నవి ఏరివేసి, చీకటిగా, చల్లగా, గాలి ఆడే చోట పరచవలెను. ఎర్రగడ్డల పక్కన ఉంచరాదు. వెలుతురు తగిలితే తోలు పచ్చబడి, లోపల సోలనిన్ అనే విషము పెరుగును. ఉడికించినంత మాత్రాన అది పోదు. ఈ సంగతి మన స్త్రీలకు బాగుగా తెలియును.

అయినను కోత పండుగకు మందిరమునకు వచ్చు గంపలలో, పైన నిగనిగలాడే టమోటాలు, అడుగున పచ్చబడి మొలకెత్తిన గడ్డలు కనబడుచున్నవి. పండుగ తరువాత ఆ గంపలు విధవరాండ్ర ఇండ్లకు పోవును గదా! కుంటిదానిని, గ్రుడ్డిదానిని బలిపీఠమునకు తెచ్చినవారిని మలాకీ ఎంత గట్టిగా గద్దించెనో మనము చదివియున్నాము. మన బిడ్డల పళ్ళెములో వేయని గడ్డను తండ్రిలేని బిడ్డల పళ్ళెములో వేయుటకు మనకు చేతులెట్లు వచ్చును?

ఈ శనివారము సాయంత్రము గోనెసంచి కుమ్మరించి, ఇంటిల్లిపాది కూర్చుండి ఏరుదము. పచ్చబడినవి దిబ్బలోనికి, గట్టివి గంపలోనికి.