బిడ్డ యెవరి సొత్తు?

నిరుటి వానాకాలంలో మా వీధిలో వుండే ఒకామె రెండు కోర్టు కాగితాలు పట్టుకొని మా యింటికి వచ్చింది. శంషాబాద్ విమానాశ్రయంలో ఒక కాంట్రాక్టరు కింద రాత్రిపూట వూడ్చి తుడిచే పని ఆమెది. భర్త అదే విమానాశ్రయానికి మనుషుల్ని చేరవేసే కారు నడుపుతాడు. ఇద్దరూ విడిపోయి రెండేళ్లయింది. ఏడేళ్ల కొడుకు తల్లి దగ్గర, రాత్రివేళల్లో అమ్మమ్మ దగ్గర, పెరుగుతున్నాడు. "గీ ఇంగ్లీషు కాయితాలల్ల ఏమున్నదో జర చదివి చెప్పుండ్రి సారూ" అన్నది.

ఒక కాగితం ప్రకారం పిల్లవాడి పోషణకు తండ్రి నెలకు 4,000 రూపాయలు యివ్వాలి. రెండవదాని ప్రకారం నెలలో రెండవ, నాలుగవ ఆదివారాలు వుదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా పిల్లవాడు తండ్రితో గడపాలి. అయిదు నెలలుగా డబ్బు రాలేదు. "మరి నేనెందుకు పంపాలె పోరన్ని?" అని ఆమె అడిగింది. నేను క్షణమైనా ఆలోచించకుండా "పైసలిచ్చేదాక పంపకు చెల్లె" అన్నాను. న్యాయం చెప్పానన్న తృప్తి కూడా పొందాను.

మూడు వారాల తరువాత ఒక ఆదివారం మధ్యాహ్నం బెంగుళూరు రోడ్డు మీద బస్సు కోసం నిలబడి వుంటే ఆ తండ్రి నా దగ్గరకు వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ క్రికెట్ బ్యాటు. పొద్దున పది నుంచీ అక్కడే వున్నాడట. "మీరే పంపొద్దన్నరంట గద సారూ?" అన్నాడు. గొంతులో కోపం లేదు. వుంటే నాకు సులువుగా వుండేది. "కారు కిస్తు కట్టకుంటే బండి గుంజుకపోతరు. బండి పోతే నేనేడికెల్లి ఇయ్యాలె? ఇయ్యలేదని పోరన్ని గూడ సూడొద్దా?" అన్నాడు. అతడు చెప్పిందంతా ఒప్పని నేను అనడం లేదు. కిస్తు ముందు, కొడుకు తిండి వెనుక అని లెక్క వేసుకున్న మనిషి అతడు. అప్పిచ్చినవాడు బండి గుంజుకుపోగలడు, కొడుకు యేమీ గుంజుకుపోలేడు గదా! అయినా ఆ బ్యాటు నన్ను యింటిదాకా వెంటాడింది. కోర్టు వేరు వేరుగా యిచ్చిన రెండు కాగితాలను కలిపి కుట్టినవాణ్ణి నేను. యెందుకు కుట్టాను? నా సంస్కారంలో యేది నాచేత ఆ మాట అనిపించింది? యీ వ్యాసం ఆ విచారణే.

డబ్బు యివ్వనిదే సరుకు యివ్వనన్నది అంగడి నీతి. నేను ఆ తల్లికి చెప్పింది అదే. పిల్లవాడు సరుకయ్యాడు, ఆదివారం బట్వాడా అయింది. మనం వాడే మాటల్లోనే యీ దోషం వున్నది. విడిపోయిన దంపతుల విషయంలో బిడ్డ యెవరి "కస్టడీ"లో వున్నాడని అడుగుతాం. దొంగను పోలీసులు వుంచుకొనేదీ కస్టడీయే. తెలుగు చేస్తే "స్వాధీనం" అంటాం. అది పొలానికీ, యింటికీ వాడే మాట. బువ్వ తినిపించడం, జ్వరం వస్తే మేలుకొని వుండడం, బడికి తయారు చేయడం వీటన్నిటికీ మనకు "పెంపకం" అనే చక్కని మాట వున్నా, కోర్టు గుమ్మం దాటేసరికి దాన్ని వదిలేసి స్వాధీనం అంటాం.

యిది వట్టి భాషా దోషం కాదు. యీ వ్యవహారాలకు నేటికీ ఆధారమైన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 నాటిది. మైనరు జమీందార్ల యెస్టేట్లను కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చూసిన కాలమది. ఆ చట్టం మైనరు శరీరానికీ ఆస్తికీ ఒకే వూపులో సంరక్షకుణ్ణి నియమిస్తుంది. స్వాతంత్ర్యం తరువాత వచ్చిన 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సహజ సంరక్షకుడు తండ్రి, "ఆయన తరువాత" తల్లి అన్నది. అయిదేళ్లు నిండని బిడ్డ మాత్రం సాధారణంగా తల్లి దగ్గర వుండాలన్నది. అంటే చంక దిగని వయస్సులో చాకిరీ తల్లిది, సంతకం తండ్రిది. అదే చట్టం వివాహం లేకుండా పుట్టిన బిడ్డ విషయంలో వరుసను తలక్రిందులు చేసి, తల్లిని ముందు, తండ్రిని తరువాత పెట్టింది. తండ్రి వంశమూ ఆస్తీ యెక్కడ వున్నాయో అక్కడ తండ్రి ముందు. అవి లేనిచోట తల్లి ముందు. కుటుంబం పుట్టుకను గురించి ఎంగెల్స్ 1884లో రాసిన పుస్తకం చదివినవారికి యిందులో ఆశ్చర్యమేమీ వుండదు.

హిందూ చట్టమొక్కదాన్నే అనడం అన్యాయం. హనఫీ ముస్లిం ధర్మశాస్త్రంలో తల్లికి హిజానత్ అనే హక్కు వున్నది. మగపిల్లవాడికి ఏడేళ్లు వచ్చేదాకా, ఆడపిల్ల యీడేరేదాకా పెంచుకొనే హక్కు అది. కాని సంరక్షకత్వం తండ్రిదే. దేవుళ్లు వేరైనా చాకిరీ పంపకం మాత్రం అన్నిచోట్లా ఒక్కటే!

రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే, సంరక్షకురాలిగా తల్లి సంతకం చెల్లదన్నారు. ఆ వ్యాజ్యంలో 1999లో సుప్రీంకోర్టు "ఆయన తరువాత" అంటే ఆయన చనిపోయిన తరువాత అని మాత్రమే అర్థం కాదనీ, ఆయన బాధ్యత వహించని స్థితిలో అని కూడా అర్థం చెప్పుకోవాలనీ అన్నది. మంచిదే. కాని మాట అట్లాగే వుండి అర్థం మాత్రం మారింది. తండ్రికిచ్చిన యీ పెద్దపీట తీసివేయమనీ, ఉమ్మడి పెంపకానికి చోటివ్వమనీ లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ మాటను చట్టంలో నుంచి యింకా తీయలేదు.

1973లోనే సుప్రీంకోర్టు పిల్లలు తల్లిదండ్రుల ఆస్తి కారు, ఆటవస్తువులు కారు అన్నది. హక్కుల తగాదాలో బిడ్డ సంక్షేమమే అన్నిటికన్న మిన్న అని 1956 చట్టమూ చెబుతున్నది. కాబట్టి అయిదేళ్లు నిండినంత మాత్రాన తండ్రికి పిల్లవాణ్ణి అప్పగించనక్కర లేదు. సూత్రం గొప్పది. అయితే సంక్షేమాన్ని కొలిచే కుంచం యెవరి చేతిలో వున్నది? మా వీధి ఆమె వ్యవహారంలో భర్త తరఫు వకీలు యేమని వాదించాడంటే, తల్లి రాత్రివేళ యింట్లో వుండదు, కనుక ఆమె దగ్గర పిల్లవాడి సంక్షేమం కుదరదు అని. విమానాలకు రాత్రీ పగలూ లేదు. తెల్లవారుజామున దిగిన ప్రయాణికుడి బూటు కింద నేల అద్దంలా మెరవాలి. ఆ నేల తుడిచినందుకు వచ్చే జీతంతోనే పిల్లవాడి ఫీజు కడుతున్నారు. తండ్రి కూడా రాత్రివేళ కారు నడుపుతాడు. ఆ సంగతి యే వకీలుకూ తప్పుగా తోచలేదు.

యిక పోషణ సంగతి. 1973 నాటి నేరవిచారణ స్మృతిలో భరణం నెలకు 500 రూపాయలకు మించరాదని హద్దు వుండేది. 2001లో దాన్ని తీసివేశారు. 2024 జూలై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులోని 144వ సెక్షను ప్రకారం తగిన కారణం లేకుండా చెల్లించనివాడి మీద మేజిస్ట్రేటు వారంటు యివ్వవచ్చు, నిలిచిన ఒక్కొక్క నెలకు నెల దాకా జైలు వేయవచ్చు. జైలుకు పోయినంత మాత్రాన బాకీ తీరదని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాని బకాయి పడిన తేదీ నుంచి ఏడాది లోపల దరఖాస్తు పెట్టుకోవాలి. మా వీధి ఆమెకు యీ గడువు సంగతి తెలియదు. సలహా చెప్పిన నాకూ తెలియదు! దరఖాస్తు వేసిన తేదీ నుంచే భరణం లెక్క కట్టాలనీ, ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి ప్రమాణ పత్రం మీద చెప్పాలనీ 2020 నవంబరులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు వీరివంటివారికి ఎంతో అక్కరకు వచ్చేది. అమెరికాలో యజమాని జీతంలో నుంచే బిడ్డ పోషణ మినహాయించి పంపే పద్ధతి వున్నది. మన దగ్గర జీతమే చేతికి సరిగా రాని కూలీల విషయంలో అదెట్లా సాగుతుందో ఆలోచించవలసే వున్నది.

అంటే పోషణకు ఒక దారి, చూపుకు వేరొక దారి చట్టంలోనే వున్నాయి. ఒకటి ఆగిందని రెండవదాన్ని తనంతట తాను ఆపే అధికారం తల్లికీ లేదు, తండ్రికీ లేదు. కారణం సులువైనది. ఆ 4,000 తల్లికి వచ్చే బాకీ కాదు, ఆ ఆదివారం తండ్రికి దక్కే బహుమానమూ కాదు. రెండూ పిల్లవాడివి. 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక, బిడ్డకు హాని జరిగే సందర్భంలో తప్ప, తల్లిదండ్రులిద్దరితోనూ సంబంధం నిలుపుకోవడం బిడ్డ హక్కు అన్నది. 1992లో మన దేశం అందులో చేరింది. కొట్టే తండ్రి, తాగి వచ్చే తండ్రి వేరు. అక్కడ భయమే మొదటి సాక్ష్యం, చూపు ఆపించవలసింది కోర్టుచేత. యితడు అట్లాంటివాడని ఆమె కూడా అనలేదు.

మన సాహిత్య మిత్రులు యిక్కడ బ్రెహ్ట్‌ను గుర్తు చేస్తారు. 1944లో ప్రవాసంలో వుండగా ఆయన రాసిన 'కాకేసియన్ చాక్ సర్కిల్' నాటకం నేనూ క్లాసులో చెప్పాను. తిరుగుబాటు నాడు గవర్నరు భార్య పసివాణ్ణి వదిలి పారిపోతుంది. పనిమనిషి గ్రూషా వాణ్ణి పెంచుతుంది. ఆస్తి వారసుడి పేరిట వున్నది కనుక తల్లి మళ్లీ వస్తుంది. న్యాయాధికారి అజ్దక్ సుద్దముక్కతో గిరి గీయించి, చెరొక చెయ్యి పట్టి లాగమంటాడు. బిడ్డ నలుగుతాడని వదిలేసిన గ్రూషాకే బిడ్డ దక్కుతాడు. దున్నేవాడిదే భూమి అన్న నినాదం మారుమోగిన తెలంగాణలో, పెంచినవారిదే బిడ్డ అన్న తీర్పుకు చప్పట్లు కొట్టడం సహజం. విమానాశ్రయం కోసం సుమారు 5,500 ఎకరాలు పోయిన యీ ప్రాంతంలో ఆ పోలిక మరీ గట్టిగా తాకుతుంది.

కాని యిప్పుడు నాకు ఆ పోలిక చాలడం లేదు. భూమికి దున్నేవాడి మీద బెంగ వుండదు. బిడ్డకు వుంటుంది. పైగా ఆ గిరిలో ఒకరు పూర్తిగా గెలవాలి, ఒకరు పూర్తిగా ఓడాలి. గిరి మధ్య నిలబడినవాణ్ణి నీకేం కావాలని అడిగినవారు లేరు. మనం తప్పుబట్టే 1890 చట్టమే, బిడ్డకు తెలివిడి వచ్చి వుంటే వాడి యిష్టాన్ని కోర్టు పరిశీలించవచ్చునన్నది. బ్రెహ్ట్ కన్న ఒక విషయంలో తెల్లదొరల చట్టమే ముందుకు పోయిందని రాయవలసి రావడం నాకు రుచించడం లేదు, అయినా రాస్తున్నాను.

ఆమె తుడిచే ఆ నేల మీదుగానే యింకొక రకం పిల్లలు నడిచి వస్తారు. అమెరికాలో పుట్టి, తల్లితోనో తండ్రితోనో సెలవుల పేరిట దిగి, తిరుగు టిక్కెట్టు వాడకుండా వుండిపోయే పిల్లలు. అట్లా హైదరాబాదు వచ్చిన ఒక తెలుగు తల్లి వ్యవహారంలో 2019 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పిల్లలు సాధారణంగా నివసించే చోటు అమెరికా కనుక యిక్కడి కుటుంబ న్యాయస్థానానికి అధికారం లేదనీ, వాళ్లు తిరిగి పోవాలనీ దాని సారాంశం. ఒక దేశం నుంచి లాక్కుపోయిన పిల్లల్ని తిరిగి పంపే 1980 నాటి హేగ్ ఒడంబడికలో భారతదేశం చేరలేదు. చేరమని 2009లో లా కమిషన్ అన్నది; చేరితే హింస తప్పించుకొని పుట్టింటికి వచ్చిన ఆడవాళ్ల గతి యేమిటని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను తోసివేయడానికి వీల్లేదు. అయినా పై తీర్పు అడిగిన తీరులో నాకు ఒక మేలు కనబడుతున్నది. బిడ్డ యెవరివాడని కాక, బిడ్డ దినచర్య యెక్కడ వేళ్లూనిందని అడిగింది. 2020లో వేరొక తీర్పు, దూరాన వున్న తలిదండ్రులు రోజూ వీడియోలో బిడ్డతో మాట్లాడే యేర్పాటు వుండాలన్నది. సముద్రాల అవతలి తండ్రికి పనికివచ్చే ఆలోచన, రెండు వీధుల అవతల వున్న తండ్రికి పనికిరాదా? మా పిల్లవాడికి ఫోను చేసి యివ్వమని ఒక్కరూ అనలేదు. వాళ్లమ్మ ఫోనులో ఆ నంబరు బ్లాకు చేసి వున్నది.

నేను మళ్లీ ఆమె దగ్గరకు పోయి, నా మాట తప్పని చెప్పాను. పిల్లవాణ్ణి పంపు, బకాయికి దరఖాస్తు వేరే పెట్టు, ఏడాది గడువు దాటనీయకు అన్నాను. ఆమె నవ్వింది. "మొన్న ఒద్దంటిరి, ఇయ్యాల పంపుమంటున్నరు. ఆయన కట్టకున్నా నేను పెంచాలె, పంపాలె గూడ. గిదేం న్యాయం సారూ?" అన్నది. అది పిల్లవాడి న్యాయం, నీది కాదు అని చెప్పడానికి నోరు రాలేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి వంట చేస్తున్న మనిషితో ఆ మాట అనే అర్హత నాకు లేదు. ఆమెకు రావలసిన న్యాయం వేరే వున్నది. అది భర్త ఒక్కడి దగ్గర లేదు, కాంట్రాక్టరు దగ్గరా వున్నది.

దరఖాస్తు నేనే రాసిపెట్టి, వకీలుకు చూపించమన్నాను. నాలుగవ ఆదివారం పిల్లవాణ్ణి బస్టాపు దాకా అమ్మమ్మ తీసుకుపోయింది. సాయంత్రం అయిదు దాటి యిరవై నిమిషాలకు తిరిగి వచ్చాడు, బ్యాటుతో. ఆలస్యమయిందని తల్లి కేకలు వేసింది. దరఖాస్తు రెండు వాయిదాలు దాటింది. డబ్బు యింకా రాలేదు.