కూలి బాకీ, విశ్వాసపు కొరత

మలాకీ గ్రంథం మూడో అధ్యాయం పదో వచనం తెలియని విశ్వాసి మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఉండరు. దశమ భాగం తెచ్చినవారి మీద దేవుడు పట్టలేనంత దీవెన కుమ్మరిస్తాడని చెప్పే మాట అది. కానుకల పెట్టె తిరిగే ముందు వినిపించేదీ, కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డుల మీద అచ్చయ్యేదీ అదే. అదే అధ్యాయంలో ఐదో వచనం మీద ప్రసంగం విన్నవాళ్లు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. కూలివాడి జీతం బిగబట్టినవాడికీ, విధవరాలినీ తండ్రిలేని పిల్లలనూ నలిపినవాడికీ, పరదేశికి అన్యాయం చేసినవాడికీ విరోధంగా దేవుడే సాక్షిగా నిలబడతాడని అక్కడ ఉంది. ఈ రెండు వచనాల మధ్య ఉన్నవి నాలుగే వచనాలు.

ఈ నాలుగు వచనాల దూరం నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. ఎందుకంటే కూలివాడు, విధవరాలు, పరదేశి అని ప్రవక్త చెప్పిన ముగ్గురూ మా ఊళ్లలో ఇంటింటికీ ఉన్నారు. కోరుట్ల గల్లీల్లో తునికాకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లున్నారు. సరిగా లేవని పక్కన పడేసినవాటికి కూలి రాదు. సిరిసిల్లలో రోజుకు పన్నెండు గంటలు సాంచెల (మరమగ్గాల) మధ్య నిలబడే కార్మికులున్నారు. బతుకమ్మ చీరల ఆర్డరు 2017లో వచ్చినప్పుడు వాళ్లకు కాస్త ఊపిరాడింది, ఆర్డర్లు ఆగినప్పుడు మళ్లీ పస్తులు. నేత కార్మికుల ఆత్మహత్యల ఆ ఊరిని జనం ఉరిసిల్ల అని ఎందుకు పిలిచారో తెలంగాణలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. ఇక దుబాయ్, మస్కట్, సౌదీ, ఖతర్ పోయినవాళ్ల సంగతి. మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఏజెంటుకు కట్టి విజిట్ వీసా మీద పోయి, అక్కడ కల్లివెల్లి అయి (యజమానిని వదిలి పారిపోయి), అకామా అనే నివాస అనుమతి లేక దాక్కుని బతికేవాడు మా ప్రతి ఊళ్లో ఒకడైనా ఉంటాడు.

ఈ జనం మధ్యకే ఆ బోధ వచ్చింది. దేవుని బిడ్డ పేదగా ఉండకూడదు, రోగిగా ఉండకూడదు, నోటితో ఒప్పుకుంటే అది జరిగి తీరుతుంది, విత్తనం వేస్తే నూరంతలుగా పంట వస్తుంది అని చెప్పే బోధ. ఫంక్షన్ హాల్లో జరిగిన ఒక ఉపవాస ప్రార్థనలో నా చేతికి ఒక కానుక కవరు ఇచ్చారు. దాని వెనుక పేరు, ఫోన్ నంబరు, వాటి కింద చిన్న చిన్న గడులు: అప్పు, వ్యాధి, వీసా, సంతానం, పెండ్లి, కోర్టు కేసు. మనకు కావలసిన గడిలో టిక్కు పెట్టి, లోపల విత్తనం పెట్టి, అంటించి ఇవ్వాలి. నా పక్కన కూర్చున్నామె అన్ని గడులూ చూసుకుని నాలుగింటిలో టిక్కు పెట్టింది. పెన్ను నా దగ్గరే అడిగి తీసుకుంది. ఆమె కొంగు ముడి విప్పుతుంటే నాకు చూపు తిప్పుకోవాలనిపించింది.

ఆ గడులు రాసినవాళ్లకు మా జనం బాధ బాగా తెలుసు. ఆ మాట ఒప్పుకోకుండా ఈ చర్చ చేయడం న్యాయం కాదు. నేను పుట్టి పెరిగింది పాత మిషన్ సంఘంలో. అక్కడ ఆరాధనా క్రమం చక్కగా ఉంటుంది, కీర్తనలు రాగయుక్తంగా ఉంటాయి, ప్రసంగంలో తప్పుడు బోధ ఒక్క ముక్క దొరకదు. కానీ బయట చెప్పుల దగ్గర నిలబడ్డ మనిషికి ఎంత అప్పుందో, మిత్తి ఎంతో అడిగినవారు లేరు. ఫంక్షన్ హాల్లో అడిగారు. తలమీద చెయ్యి పెట్టి, పేరు పెట్టి పిలిచి, నీ అప్పు తీరుతుంది బిడ్డా అన్నారు. ఆ మాట కోసం జనం ఆటోలు కట్టించుకుని పోయారంటే, వాళ్లు అమాయకులని కొట్టిపారేయడానికి మనసు ఒప్పదు. ఘనాలోని అక్రోపాంగ్‌లో 2008లోనూ 2009లోనూ సమావేశమైన ఆఫ్రికా క్రైస్తవ వేదాంతులు ఈ సంపద సువార్తను తప్పుడు బోధగా ఖండిస్తూనే, కటిక పేదరికం ఉన్నచోట, నాయకులూ సంస్థలూ చేయి వదిలేసినచోట చాలామందికి అదొక్కటే ఆశగా కనిపిస్తోందని కూడా రాశారు. ఆఫ్రికావాళ్లు తమ జనం గురించి రాసిన ఆ మాట మా సిరిసిల్లకూ సరిపోతుంది.

నా అభ్యంతరం ఆ సభ ఇచ్చే ఆశ మీద కాదు. ఆ ఆశ ఫలించనప్పుడు అక్కడ చెప్పే సమాధానం మీద.

కోరుట్లలో నాకు పిన్ని వరుసయ్యే ఆవిడ ఒకరున్నారు. బీడీలు చుట్టి చుట్టి వేళ్లు వంకరపోయాయి. కొడుకు సౌదీలో కట్టడాల పనిలో ఉండగా 2020లో కరోనా వచ్చింది. కంపెనీ నెలల తరబడి జీతాలు ఆపి, చివరికి ఏమీ ఇవ్వకుండానే విమానం ఎక్కించింది. అలా ఒట్టి చేతులతో తిరిగొచ్చినవాళ్లు ఆ ఏడాది గల్ఫ్ దేశాల నుంచి వేలల్లో ఉన్నారు. పిన్ని అప్పటికే విత్తనం వేసింది, ఉపవాసాలు చేసింది, కొడుకు పేరు మీద ప్రార్థన నూనె తెచ్చి వాకిలికి రాసింది. పైసలు రాలేదు. వెళ్లి అడిగితే, ఇంట్లో ఎక్కడో శాపానికి తలుపు తెరిచి ఉంది, వెతుక్కో అన్నారు. ఆమె వెతుక్కుంది. ఎప్పుడో తోటికోడలితో పడ్డ గొడవ, చిన్నప్పుడు చేసిన ఒక దొంగతనం, చనిపోయిన భర్త తాగుడు, అన్నీ తవ్వి తీసుకుంది.

"నా విశ్వాసంలనే ఏదో కొరత ఉన్నది బిడ్డా. లేకపోతే దేవుడు ఇయ్యడా?" అంది నాతో.

నాకు దుఃఖం వచ్చింది, కోపమూ వచ్చింది. ఆమె విశ్వాసంలో కొరత లేదు. కొరత ఉన్నది ఆ కంపెనీ ఖాతాలో ఆమె కొడుకుకు చెల్లించని జీతంలో. ఎవరో బాకీ పడ్డ కూలి, దేవుని పేరు మీద ఆమె సొంత పాపంగా మారిపోయింది. బాకీపడ్డవాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు, ఈమె రాత్రిళ్లు లేచి ఒప్పుకోలు ప్రార్థన చేస్తోంది. సంపద బోధ చేసే అసలు హాని ఇది. డబ్బు పోవడం దీని ముందు చిన్నదే. పేదవాడి చేతిలోంచి అన్యాయం అనే మాటను లాగేసి, దాని బదులు అవిశ్వాసం అనే మాటను పెడుతుంది.

అదీ ఏ గడ్డ మీద? 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు వెట్టి వద్దని, కూలి రేటు పెంచాలని ఊరేగింపుగా కదిలి వచ్చారు. జగిత్యాల జైత్రయాత్ర అని ఇవాళ్టికీ చెప్పుకుంటారు. ఆ అక్టోబర్‌లోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత నడిచిన దారులన్నిటితో నాకు ఏకీభావం లేదు, రెండు వైపులా కారిన రక్తం నేను మరిచిపోలేదు. కానీ మా నాయనల తరం తమ పేదరికానికి కారణం తమ తలరాత కాదని, దొర గడీ అని గుర్తుపట్టింది. వాళ్ల పిల్లలకు ఇవాళ మైకులో, నీ పేదరికానికి కారణం నీలోనే ఉందని చెబుతున్నాం. సువార్త పేరుతో ఇంత వెనక్కి ఎలా నడిచాం?

ఈ బోధ పుట్టిల్లు అమెరికా. నోటి ఒప్పుకోలు మీద అక్కడ ఇ.డబ్ల్యు. కెన్యన్ రాసినదాన్ని కెన్నెత్ హేగిన్ విస్తరించాడు, కానుకను విత్తనం అని పిలిచి ఓరల్ రాబర్ట్స్ ఊరూరా తిప్పాడు. తర్వాత టీవీ వచ్చింది, ఇప్పుడు ఫోన్ వచ్చింది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. తెలుగు నేల మీద దీనికి పూర్తి విరుద్ధంగా జరిగిన ఒక సంగతి గురించి మాత్రం నిదానంగా చెప్పాలి.

1876లో మొదలైన పెద్ద కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒక కాంట్రాక్టు తీసుకున్నాడు. అప్పట్లో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. పాదిరి కాకముందు సర్వేయరుగా పనిచేసినవాడు కాబట్టి కొన్ని మైళ్ల తవ్వకం తన పేరు మీద రాయించుకుని, ఆకలితో చచ్చిపోతున్న జనాన్ని పనిలో పెట్టుకున్నాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. తవ్విన మట్టికి లెక్క ప్రకారం కూలి ఇచ్చాడు. సాయంత్రాలు బోధకులు సువార్త చెప్పారు. జనం గుంపులు గుంపులుగా బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. తిండి కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో తేలేదాకా ఇవ్వనన్నాడు. కరువు పని, ధర్మం ముగిసేదాకా ఆ నెలలన్నీ ఆపాడు. పంచడానికి చేతిలో ఏమీ మిగలని రోజు వచ్చాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

నేను పదే పదే తలుచుకునేది ఆ సంఖ్యను కాదు, దానికి ముందు ఆగిన నెలలను. వేలమంది తమంతట తాము సంఘంలో చేరతామని వస్తుంటే ఆగమని చెప్పగలగడం. అన్నం పెట్టాడు, కూలి ఇచ్చాడు, కానీ ఆ అన్నాన్ని దేవుని పేరుతో ముడిపెట్టలేదు. దేవునివైపు వచ్చే మనిషి దేవుని కోసమే రావాలని కోరుకున్నాడు. హితబోధ, అంటే ఆరోగ్యకరమైన బోధ, అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

మెదక్ పెద్ద చర్చిని చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914 నుంచి పదేళ్లు కట్టించిన కాలంలోనూ కరువులో ఉన్నవాళ్లకు పని, తిండి దొరికాయి. దోర్నకల్‌లో 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య పేద సంఘాలకు ఇవ్వడం నేర్పాడు, కానుక గురించి ఒక పుస్తకమే రాశాడు. వంటకు కొలిచే బియ్యంలోంచి పిడికెడు తీసి పక్కన పెట్టే అలవాటు మా అమ్మమ్మల కాలంలో ఇల్లిల్లూ ఉండేది. ఆ పిడికెడు బియ్యానికి బదులు బండెడు వస్తాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అయినా పెట్టారు, ఇంకొకరు తింటారని పెట్టారు.

కానుక వద్దని నేను అనడం లేదు. స్వస్థత కోసం ప్రార్థించవద్దనీ అనడం లేదు, నేనూ ప్రార్థిస్తాను, కొన్నిసార్లు జవాబు వచ్చింది కూడా. ధనవంతుడైన విశ్వాసి ఉండకూడదనీ కాదు, ఊదారంగు పొడి అమ్మే లూదియ ఇంట్లోనే కదా ఫిలిప్పీ సంఘం మొదలైంది. కానీ పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీసివేయబడలేదు. త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి రావలసి వచ్చింది. తిమోతికి కడుపు జబ్బు, తరచూ వచ్చే బలహీనతలు ఉండేవి. వీళ్లలో ఎవరి ఇంట్లోనూ శాపానికి తలుపు తెరిచి ఉందని పౌలు అనలేదు. యోబు స్నేహితులు మాత్రం సరిగ్గా ఆ మాటే అన్నారు, గ్రంథం చివర దేవుడు కోపగించుకున్నది వాళ్ల మీద. కూలివాళ్లకు బిగబట్టిన జీతం కేకలు వేస్తోందని యాకోబు తన పత్రికలో రాసినప్పుడు, కూలివాళ్ల విశ్వాసం ఎంతుందని ఆరా తీయలేదు.

పిన్నికి బీడీ పింఛను నెలకు 2,016 రూపాయలు వస్తుంది. అందులోంచి రెండు వందలు తీసి కవర్లో పెడుతుంది. ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం చూస్తే, మూడేళ్లకొకసారి దశమ భాగాన్ని ఊళ్లోనే ఉంచి లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు కడుపునిండా పెట్టమని ఉంది. ఆ లెక్కన పిన్ని దశమ భాగం తీసుకోవలసినవాళ్ల జాబితాలో ఉన్న మనిషి. ఈ మాట బల్ల దగ్గర నిలబడి చెప్పే పాస్టరు అయ్యగారు కావాలి మాకు. సంఘపు జమాఖర్చులు గోడకు అంటించే పెద్దలు కావాలి. గల్ఫ్ పోతానని వచ్చిన పిల్లవాడికి నూనె రాసి పంపే ముందు, ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్ సైటులో చూసి పెట్టే యూత్ కావాలి. హితబోధ అని మనం గొప్పగా చెప్పుకునేది ఈ పనులు చేయలేకపోతే జనం మళ్లీ ఆ గడుల కవరు దగ్గరికే పోతారు, పోవద్దని చెప్పే హక్కు మనకు ఉండదు.

మా సంఘంలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి పిన్ని పక్కన కూర్చుని, కొడుకు పాస్‌పోర్టు, జీతం స్లిప్పులు, కంపెనీ ఐడీ ఫొటోలు తీసి, విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసింది. ఫారంలో బాకీ మొత్తం రాయాల్సిన చోట కొడుకు చెబుతుంటే పిన్ని వేళ్ల మీద లెక్కపెట్టింది. పైసలు ఇంకా రాలేదు, వస్తాయో రావో చెప్పలేను. పిన్ని ఫంక్షన్ హాలుకు కూడా ఇంకా పోతూనే ఉంది, మానమని నేను అనలేదు. మొన్న ఇంట్లో కూడిక పెట్టుకున్నప్పుడు ఆమె ప్రార్థన విన్నాను. నా పాపం క్షమించు తండ్రీ అని మొదలుపెట్టి, తర్వాత ఆ కంపెనీ పేరు తప్పుల్లేకుండా చెప్పి, "వాళ్లు మా పిల్లగానికి బాకీ ఉన్నరు ప్రభువా, నువ్వే అడుగు" అంది.